ఇంట్లో చేసే సిలువ బన్ను

ఇంగ్లండు దేశంలో ఈస్టరు పండక్కి రెండు రోజుల ముందు ఒక రకం బన్ను తింటారు. ఆ రోజు శుక్రవారం. దాన్ని గుడ్ ఫ్రైడే అంటారు. మన చర్చీల్లో శుభ శుక్రవారం అని కూడా అంటారు. ఏసుక్రీస్తును సిలువ వేసిన రోజు అది. అందుకే ఆ బన్ను మీద సిలువ గుర్తు ఉంటుంది. దాని పేరు హాట్ క్రాస్ బన్ను. హాట్ అంటే వేడి. క్రాస్ అంటే సిలువ. వేడి వేడిగా తినే సిలువ బన్ను అన్న మాట.

టీ కొట్టులో దొరికే బన్ను అందరికీ తెలుసు. మెత్తగా ఉంటుంది. కొంచెం తీపిగా ఉంటుంది. సిలువ బన్ను దానికి అక్క లాంటిది. పిండిలో దాల్చిన చెక్క పొడి, జాజికాయ పొడి కలుపుతారు. ఎండు ద్రాక్ష వేస్తారు. నారింజ తొక్క ముక్కలు వేస్తారు. కాల్చిన తర్వాత పైన చక్కెర పాకం రాస్తారు. బన్ను నిగనిగలాడుతుంది. ఏసు దేహాన్ని సమాధి చేసేటప్పుడు సుగంధ ద్రవ్యాలు వాడారు. బన్నులోని మసాలా దానికి గుర్తు అని చెబుతారు.

ఈస్టరు ఏటా ఒకే తేదీన రాదు. చంద్రుణ్ణి బట్టి వస్తుంది. మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమిని లెక్కలోకి తీసుకుంటారు. ఆ పౌర్ణమి తర్వాత వచ్చే ఆదివారమే ఈస్టరు. అందుకని అది మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్యలో పడుతుంది. ఇంచుమించు మన ఉగాది రోజుల్లోనే. అప్పటికి అక్కడ ఇంకా చలి పోదు. ఇక్కడ ఎండలు ముదురుతూ ఉంటాయి. ఈ తేడా గుర్తు పెట్టుకోవాలి. పిండి పొంగే దగ్గర దీనితో పని పడుతుంది.

అమ్మకూడదన్న బన్ను

ఈ బన్ను ఎప్పుడు పుట్టింది? ఇంగ్లండులో సెయింట్ ఆల్బన్స్ అనే ఊరు ఉంది. 1361లో తమ ఊరి మఠంలో ఒక సన్యాసి ఇలాంటి బన్నులు చేశాడని ఆ ఊరివాళ్ళు చెబుతారు. గుడ్ ఫ్రైడే నాడు పేదలకు పంచాడట. అది ఆ ఊరి కథ.

ఇంకో సంగతి మాత్రం కథ కాదు. 1592లో లండను నగరంలో ఒక ఉత్తరువు వచ్చింది. అప్పుడు మొదటి ఎలిజబెత్ రాణి ఏలుతోంది. అంగళ్ళను తనిఖీ చేసే అధికారి ఆ ఉత్తరువు ఇచ్చాడు. మసాలా వేసిన రొట్టెలు, బన్నులు బేకరీవాళ్ళు అమ్మకూడదు అన్నాడు. మూడు సందర్భాలకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు. ఎవరైనా చనిపోయి సమాధి చేసే రోజున అమ్మొచ్చు. ఈస్టరుకు ముందు శుక్రవారం అమ్మొచ్చు. క్రిస్మసుకు అమ్మొచ్చు. మాట తప్పితే సరుకు పట్టుకుంటారు. పట్టుకున్న సరుకు పేదలకు ఇచ్చేస్తారు.

మరి అంగట్లో దొరకని రోజుల్లో జనం ఏం చేశారు? ఇంట్లోనే చేసుకున్నారని చెబుతారు. ఉత్తరువు బజారుకే గానీ వంటింటికి కాదు గదా! తల్లి చేస్తుంటే కూతురు చూసి నేర్చుకుంది. బన్ను బతికింది.

మచిలీపట్నం బట్ట, జాజికాయ

ఇంగ్లండు చల్లటి దేశం. అక్కడ దాల్చిన చెక్క పండదు. లవంగం పండదు. జాజికాయ కాయదు. ఇవన్నీ ఓడల మీద రావాలి. దాల్చిన చెక్క సింహళం నుంచి వచ్చేది. అంటే ఇప్పటి శ్రీలంక. లవంగం, జాజికాయ ఇండోనేషియా దీవుల నుంచి వచ్చేవి. అందుకే వాటి ఖరీదు ఎక్కువ. రోజూ వాడే సరుకు కాదు. పండక్కి చిటికెడు వేస్తే అదే గొప్ప.

ఈ మసాలా కోసమే 1600లో లండనులో ఈస్టిండియా కంపెనీ పెట్టారు. 1611లో ఆ కంపెనీవాళ్ళు మన మచిలీపట్నం వచ్చారు. అక్కడ వ్యాపార కేంద్రం తెరిచారు. మన నేతగాళ్ళు నేసిన బట్టలు కొన్నారు. అద్దకం బట్టలు కొన్నారు. ఆ బట్టలకు ఇండోనేషియా దీవుల్లో మంచి గిరాకీ ఉండేది. బట్టలు అక్కడికి తీసుకుపోయారు. వాటికి బదులు మిరియాలు, లవంగాలు, జాజికాయ తీసుకున్నారు. ఆ సరుకు లండను చేర్చారు.

లండను బన్నులోని జాజికాయ వాసన వెనక తెలుగు నేతగాడి చెమట కూడా కొంత ఉంది. ఆ మసాలా లాభంతో మొదలైన కంపెనీ చివరికి మన నెత్తికెక్కి కూర్చుంది. అది వేరే పాఠం.

దుకాణం నడిపిన ఆడమనిషి

తర్వాత తర్వాత ఆ ఆంక్ష పోయింది. లండను వీధుల్లో గుడ్ ఫ్రైడే నాడు తెల్లవారకముందే బన్నులవాళ్ళు కేకలు వేస్తూ తిరిగేవారు. నెత్తిన బుట్ట, బుట్టలో వేడి బన్నులు.

చెల్సీ అనే పేటలో ఒక పెద్ద బన్నుల దుకాణం ఉండేది. రాజులు కూడా అక్కడికి వచ్చేవారు. 1790ల్లో దాన్ని హ్యాండ్ అనే ఇంటిపేరు గల ఒక ఆవిడ నడిపింది. 1792 గుడ్ ఫ్రైడే నాడు ఆమె దుకాణం ముందు విపరీతంగా జనం మూగారు. తోపులాట జరిగింది. ఇరుగు పొరుగు వాళ్ళు హడలిపోయారు. మరుసటి ఏడు, అంటే 1793లో, ఆమె ఒక ప్రకటన వేయించింది. ఈసారి గుడ్ ఫ్రైడే నాడు సిలువ బన్నులు అమ్మబోమని అందులో చెప్పింది. ఇరుగు పొరుగుకు ఇబ్బంది కలిగిందని కారణం కూడా రాయించింది. ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువ బేరం వచ్చే రోజు అది. ఆ బేరం వదులుకుంది. ఆ దుకాణాన్ని 1839లో పడగొట్టారు.

కొడుకు కోసం దాచిన బన్ను

లండను తూర్పు పేటలో బీరు అమ్మే దుకాణం ఒకటి ఉంది. అలాంటి దుకాణాన్ని అక్కడ పబ్బు అంటారు. 19వ శతాబ్దంలో కట్టింది. దాని పేరు విడోస్ సన్. అంటే విధవరాలి కొడుకు అని అర్థం. ఆ పేరు వెనక ఒక కథ చెబుతారు.

ఆ చోట ముందు ఒక చిన్న ఇల్లు ఉండేదట. అందులో ఒక తల్లి ఉండేది. భర్త లేడు. ఒక్కడే కొడుకు. వాడు ఓడ పనికి పోయాడు. ఈస్టరుకు వస్తాను, నాకు ఒక బన్ను దాచి పెట్టమ్మా అని చెప్పాడు. జాబు రాశాడని కొందరు అంటారు. తల్లి బన్ను చేసింది. దాచింది. కొడుకు రాలేదు. మరుసటి ఏడు మళ్ళీ ఒక బన్ను చేసింది. పాత బన్ను పక్కన పెట్టింది. అలా ప్రతి ఏడూ చేసింది. వాడు రానే లేదు. ఆమె పోయిన తర్వాత ఇంట్లో చూశారు. దూలానికి ఒక వల వేలాడుతోంది. దాని నిండా ఎండిపోయిన బన్నులు ఉన్నాయి.

ఆ ఇల్లు పోయింది. అక్కడ పబ్బు వచ్చింది. కానీ ఆనవాయితీ నిలిచింది. గుడ్ ఫ్రైడే నాడు ఒక నావికుడు కొత్త బన్ను తెచ్చి ఆ వలలో వేస్తూ వచ్చారు. ఇది నిజంగా జరిగిందా, లేక పేరుకు తగ్గట్టు కథ అల్లారా? ఎవరూ తేల్చలేరు. కానీ కొడుకును గల్ఫు పంపిన తల్లిని అడగండి. పండగ నాడు వాడి వాటా పక్కన తీసిపెట్టిన తల్లిని అడగండి. ఇది కథ అనదు.

మన దగ్గరకు ఎలా వచ్చింది

ఈ బన్ను మన దేశానికి ఇంగ్లీషువాళ్ళతో వచ్చింది. వాళ్ళు పోయినా ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో నిలిచింది. ఆ కుటుంబాల్లో చాలామంది రైల్వేలో పని చేసేవారు. సికింద్రాబాదు లాలాగూడలో, కాజీపేటలో, గుంతకల్లులో, బిట్రగుంటలో రైల్వే కాలనీలు ఉండేవి. ఆ వంటిళ్ళలో క్రిస్మసుకు కేకు చేసేవారు. గుడ్ ఫ్రైడేకి ఈ బన్ను చేసేవారు. ఆ రోజు ఉపవాసం. ఉపవాసం విడిచేటప్పుడు బన్ను, టీ. ఇప్పుడు పెద్ద ఊళ్ళలో కొన్ని బేకరీలు కూడా ఆ రోజుల్లో సిలువ బన్నులు చేసి అమ్ముతాయి. ఇంట్లో చేసిన దాని వాసన వేరు. ఇల్లంతా నిండుతుంది.

ఈస్టు అంటే ఏమిటి

బన్ను చెయ్యాలంటే ముందు ఈస్టు సంగతి తెలియాలి. చాలామంది చేసిన బన్ను రాయిలా రావడానికి కారణం ఇక్కడే ఉంది.

ఈస్టు మందు కాదు. సోడా ఉప్పు లాంటిది కాదు. ఈస్టుకు ప్రాణం ఉంది. కంటికి కనపడనంత చిన్న జీవి అది. పొట్లంలో చిన్న చిన్న గోధుమ రంగు పూసల్లా ఉంటుంది. అప్పుడు నిద్రలో ఉన్నట్టు. తడి తగలాలి. కొంచెం వెచ్చదనం తగలాలి. తినడానికి తీపి దొరకాలి. అప్పుడు లేస్తుంది. తీపి తిని గాలి వదులుతుంది. ఆ గాలి పేరు బొగ్గుపులుసు వాయువు. ఆ గాలి పిండిలో చిక్కుకుని బుడగలు అవుతుంది. పిండి పొంగుతుంది. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగడం కూడా ఇలాంటి పనే. అక్కడ ఎక్కువ పని చేసేవి వేరే సూక్ష్మజీవులు.

చెట్టు నుంచి దించిన కల్లు నురగ కట్టడానికి కారణం ఈస్టే. పూర్వం ఇంగ్లండులో ఈస్టు పొట్లాలు లేవు. బీరు కాచే చోట నుంచి నురగ తెచ్చుకుని పిండిలో కలిపేవారు. గోవాలో రొట్టెలవాళ్ళు ఈస్టుకు బదులు కల్లు కలిపేవారు. ఇవన్నీ ఒకే సూత్రం.

ప్రాణం ఉన్నది గనుక చస్తుంది కూడా. మరిగే పాలు పోస్తే చస్తుంది. గోరువెచ్చగా ఉండాలి. పాలలో వేలు ముంచి పదంకెలు లెక్క పెట్టాలి. వేలుకు హాయిగా ఉంటే ఈస్టుకూ హాయిగా ఉంటుంది. వేలు చురుక్కుమంటే ఆగాలి. పాలు చల్లారనివ్వాలి. ఉప్పు నేరుగా మీద పడినా ఈస్టు నీరసిస్తుంది. అందుకే ఉప్పు ఒక పక్క, ఈస్టు ఒక పక్క వెయ్యాలి.

పొట్లం పాతదైతే కూడా పని చెయ్యదు. పొట్లం మీద రెండు తేదీలు ఉంటాయి. ఒకటి తయారు చేసిన తేదీ. రెండోది గడువు తేదీ. కొట్టులోనే రెండూ చదవాలి. అక్షరాలు చిన్నగా ఉంటాయి. ఓపికగా చదవాలి. చాలా పొట్లాల మీద ఇంగ్లీషు ఉంటుంది. అంకెలు అయితే చదవొచ్చు గదా. 08/26 అని ఉంటే 2026 ఆగస్టు నెల అన్న మాట. గడువు దాటితే తీసుకోవద్దు. కొట్టువాడు "ఏం పర్లేదమ్మా" అంటాడు. పిండి పోయేది మనది, వాడిది కాదు.

ఇంట్లో ఇంకో పరీక్ష చెయ్యొచ్చు. అర గ్లాసు గోరువెచ్చని పాలు తీసుకోవాలి. ఒక చెంచా చక్కెర వెయ్యాలి. ఈస్టు వేసి కలిపి పది నిమిషాలు మూత పెట్టాలి. పైన నురగ కడితే ఈస్టు బతికే ఉంది. నురగ రాకపోతే ఆ పాలు పారబోయాలి. అర గ్లాసు పాలతో నష్టం పోతుంది. అది చూడకుండా కలిపితే అర కిలో మైదా, వెన్న, ఎండు ద్రాక్ష అన్నీ దండగ.

కావలసినవి

ఇది 12 బన్నుల లెక్క.

మైదా అర కిలో. చక్కెర 75 గ్రాములు. వెన్న 50 గ్రాములు. పాలు పావు లీటరు. గుడ్డు ఒకటి. పొడి ఈస్టు 7 గ్రాములు. అంటే చిన్న చెంచాతో తలకొట్టి రెండు చెంచాలు. ఉప్పు ఒక చిన్న చెంచా. ఎండు ద్రాక్ష 150 గ్రాములు. నారింజ తొక్క తీపి ముక్కలు 50 గ్రాములు. అవి దొరక్కపోతే టూటీ ఫ్రూటీ వాడొచ్చు. అది పచ్చి బొప్పాయితో చేస్తారు. అప్పుడు ఒక కమలా పండు తొక్కను పైపైన తురిమి వేస్తే వాసన వస్తుంది. తెల్ల పొర తగలనివ్వొద్దు. అది చేదు.

మసాలా ఏమిటంటే, దాల్చిన చెక్క పొడి ఒక చిన్న చెంచా. జాజికాయ పొడి పావు చెంచా. శొంఠి పొడి పావు చెంచా. ధనియాల పొడి అర చెంచా. లవంగాలు రెండు, పొడి చేసి. ధనియాలేమిటి బన్నులో అని ఆశ్చర్యపోవద్దు. ఇంగ్లండులో అమ్మే తీపి మసాలాలో ధనియాలు ఉంటాయి. బాగుంది గదా అని మసాలా ఇంకా ఎక్కువ వెయ్యకూడదు. దాల్చిన చెక్క, లవంగం ఎక్కువైతే ఈస్టు మందగిస్తుంది. పిండి సరిగా పొంగదు.

గుడ్డు తినని వాళ్ళు గుడ్డు మానెయ్యొచ్చు. ఇంకో మూడు పెద్ద చెంచాల పాలు పోస్తే సరిపోతుంది. బన్ను కొంచెం గట్టిగా వస్తుంది. అంతే.

ఇంట్లో తూకం లేకపోతే కొట్టులోనే తూయించి విడివిడిగా పొట్లాలు కట్టించుకోవాలి. ప్రతి పొట్లం మీద పెన్సిలుతో పేరు, బరువు రాసుకోవాలి. 36 బన్నులు కావాలంటే అన్నీ మూడింతలు తీసుకోవాలి. మైదా ఎంత అవుతుందో వేసి చూడండి.

పిండి కలపడం

ఎండు ద్రాక్షను ముందుగా వేడి నీళ్ళలో పావుగంట నానబెట్టాలి. తర్వాత వంపేసి గుడ్డతో తుడవాలి. పొడి ద్రాక్ష వేస్తే పిండిలోని తడి పీల్చేస్తుంది.

పెద్ద పళ్ళెంలో మైదా పొయ్యాలి. మసాలా పొడులు, చక్కెర, ఉప్పు కలపాలి. మధ్యలో గుంట చెయ్యాలి. నురగ కట్టిన ఈస్టు పాలు అందులో పొయ్యాలి. ఈ పాలు పావు లీటరులో లెక్కే. గిలకొట్టిన గుడ్డు వెయ్యాలి. మిగిలిన పాలు గోరువెచ్చగా చేసి కొంచెం కొంచెంగా పొయ్యాలి. ఒక్కసారిగా పొయ్యొద్దు. ఒక్కో మైదా ఒక్కో రకంగా నీరు పీలుస్తుంది. పిండి చపాతీ పిండి కన్నా మెత్తగా ఉండాలి. చేతికి కొంచెం అంటుకుంటుంది. అంటుకుంటోందని మైదా చల్లితే బన్ను గట్టి పడుతుంది.

తర్వాత వెన్న వేసి పిసకాలి. పది నిమిషాలు తక్కువ కాకుండా పిసకాలి. అరచేతి మడమతో ముందుకు తోసి, మడిచి, మళ్ళీ తొయ్యాలి. పిల్లలకు ఈ పని ఇష్టం. మగవాళ్ళకు కూడా అప్పగించొచ్చు, చేతులు కడుక్కుంటే. పిసికే కొద్దీ పిండి సాగుతుంది. చిన్న ముక్క తీసి రెండు చేతులతో మెల్లగా సాగదీసి చూడాలి. తెగకుండా పల్చటి పొరలా వస్తే చాలు. ఈ సాగుడే గాలిని లోపల పట్టి ఉంచుతుంది.

గిన్నెకు నూనె రాసి పిండి ముద్ద అందులో పెట్టాలి. తడి గుడ్డ కప్పాలి. రెట్టింపు అయ్యేదాకా వదిలెయ్యాలి. ఇంగ్లండులో గంట పైన పడుతుంది. అక్కడ వంటిల్లు చల్లగా ఉంటుంది. పొయ్యి దగ్గర పెట్టుకుంటారు. మన దగ్గర ఏప్రిల్ ఎండల్లో అరగంట, ముప్పావుగంట చాలు. గడియారం చూసి కాదు, పిండిని చూసి చెప్పాలి. వేలితో నొక్కితే గుంట మెల్లగా పూడాలి. ఎక్కువ సేపు వదిలేస్తే పుల్లటి వాసన వస్తుంది. పొంగిన పిండి మళ్ళీ కూలిపోతుంది. ఎండ మరీ ఎక్కువగా ఉంటే నీళ్ళ కుండ పక్కన పెట్టుకోవడం మేలు.

పొంగిన పిండిని మెల్లగా నొక్కాలి. ఎండు ద్రాక్ష, తొక్క ముక్కలు కలపాలి. 12 భాగాలు చెయ్యాలి. ఒక్కోటి సుమారు 90 గ్రాములు వస్తుంది. నున్నటి ఉండలు చెయ్యాలి. పైన ద్రాక్ష కనపడితే లోపలికి నెట్టాలి. పైన ఉన్న ద్రాక్ష మాడి చేదవుతుంది. నెయ్యి రాసిన పళ్ళెంలో వేలెడు వేలెడు దూరంలో పేర్చాలి. మళ్ళీ గుడ్డ కప్పి ఇరవై నిమిషాలు, అరగంట ఉంచాలి. ఉండలు ఉబ్బి ఒకదాన్ని ఒకటి తాకుతాయి.

సిలువ గీయడం

నాలుగు పెద్ద చెంచాల మైదాలో కొంచెం కొంచెంగా నీళ్ళు పోసి కలపాలి. గోరింటాకు ముద్దంత చిక్కగా ఉండాలి. గోరింటాకు కోను లాగే శుభ్రమైన కవరుతో కోను చుట్టాలి. కొస కత్తిరించాలి. బన్ను వరుసల మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత పెట్టాలి. ప్రతి బన్ను మీద సిలువ పడుతుంది. ముగ్గు పెట్టే చేతులకు ఇది ఒక లెక్క కాదు. పూర్వం కత్తితోనే గాటు పెట్టేవారు. ఇప్పుడూ అలా చెయ్యొచ్చు.

కాల్చడం

"మా ఇంట్లో ఓవెన్ లేదు గదా వదినా, బన్ను ఎట్లా అవుతుంది?" అని పక్కింటి ఆమె అడగొచ్చు.

"అవుతుంది. మందపాటి డేకిసా ఉందా? దాని మీద బిగువైన మూత ఉందా? చాలు."

ఓవెన్ ఉన్నవాళ్ళు ముందుగా 200 డిగ్రీలకు వేడి చేసి, 18 నుంచి 20 నిమిషాలు కాలుస్తారు. లేని వాళ్ళు పాత అల్యూమినియం డేకిసా గానీ, ఇనప గిన్నె గానీ తీసుకోవాలి. అడుగున రెండు వేళ్ళ మందం శుభ్రమైన పొడి ఇసుక పొయ్యాలి. ఇసుక మీద చిన్న స్టాండు పెట్టాలి. మూత పెట్టి పది, పదిహేను నిమిషాలు సన్న సెగ మీద వేడి చెయ్యాలి. అప్పుడు బన్నుల పళ్ళెం స్టాండు మీద పెట్టాలి. ఇసుకకు గానీ అంచులకు గానీ తగలకూడదు. మూత పెట్టి సుమారు అరగంట ఉంచాలి. మధ్యలో ఊరికే మూత తియ్యొద్దు. తీసిన ప్రతిసారీ వేడి పోతుంది.

ఇలా చేస్తే అడుగు ఎర్రగా వస్తుంది, పైభాగం తెల్లగా ఉంటుంది. పైనుంచి వేడి లేకపోవడమే కారణం. బొగ్గులు ఉంటే మూత మీద కొన్ని నిప్పులు పెట్టాలి. పైన కూడా రంగు వస్తుంది. బొగ్గులు వాడితే ఆరుబయటే చెయ్యాలి. మూసిన గదిలో బొగ్గు పొగ ప్రాణం తీస్తుంది.

కొందరు ప్రెషరు కుక్కరులో చేస్తారు. అలా చేసేవాళ్ళు రబ్బరు గాస్కెట్టు, పైన పెట్టే వెయిటు రెండూ తీసెయ్యాలి. నీళ్ళు లేని కుక్కరును మూసి వేడి చెయ్యడం ప్రమాదం. డేకిసాయే మంచిది. కుక్కరు కూడా పాడు కాదు.

ఒక డేకిసాలో ఐదారు బన్నులే పడతాయి. రెండో వాయి ఉండలను చల్లటి చోట పెట్టాలి. లేకపోతే ఈలోపు ఎక్కువ పొంగిపోతాయి. ఊళ్ళో బేకరీ ఉంటే ఇంకో దారి ఉంది. క్రిస్మసు కేకు పిండిని పళ్ళెంలో పోసి బేకరీలో కాల్పించుకోవడం సికింద్రాబాదులో కొందరికి అలవాటే. బన్నులు కూడా అడిగి చూడొచ్చు. ముందుగా మాట్లాడుకోవాలి, పిండి ఆగదు.

ఉడికిందో లేదో ఎట్లా తెలుస్తుంది? ఒక బన్ను తిప్పి అడుగున వేలితో కొట్టాలి. డొల్ల చప్పుడు రావాలి. సన్నటి పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు.

బన్నులు దించగానే పాకం రాయాలి. రెండు పెద్ద చెంచాల చక్కెర, రెండు చెంచాల నీళ్ళు ఒక్క పొంగు రానిచ్చి గుడ్డ ముక్కతో బన్నుల మీద పూయాలి. బన్ను వేడిగా ఉన్నప్పుడే పాకం పట్టుకుంటుంది.

బూజు పట్టని బన్ను ఉందా?

గుడ్ ఫ్రైడే నాడు చేసిన బన్ను ఏడాది అయినా బూజు పట్టదని ఇంగ్లండులో నమ్మేవారు. ఒక బన్ను వంటింట్లో వేలాడదీసేవారు. ఇల్లు తగలబడదని నమ్మకం. ఓడవాళ్ళు వెంట తీసుకుపోయేవారు. ఓడ మునగదని నమ్మకం. కడుపు నొప్పి వస్తే ఆ ఎండు బన్ను తురిమి నీళ్ళలో కలిపి తాగించేవారు.

ఇందులో కొంత నిజం ఉంది, అయితే అది శుక్రవారం మహిమ కాదు. బూజు పట్టాలంటే తడి కావాలి. పొయ్యి పైన గాలికి వేలాడదీసిన బన్ను ఎండిపోతుంది. ఎండిన దానికి బూజు పట్టదు. మన వడియాలు, అప్పడాలు ఏడాది నిలవడం లేదా? అదే బన్నును చల్లారకముందే డబ్బాలో మూసి పెడితే శుక్రవారం చేసినా ఆదివారానికి బూజు కనపడొచ్చు. మన ఎండాకాలం ఉక్కకు ఇంకా త్వరగా పడుతుంది. బూజు పట్టిన చోట గిల్లి పారేసి మిగతాది పిల్లలకు పెట్టేవాళ్ళు ఉన్నారు. అది తప్పు. బూజు కంటికి కనపడకుండా లోపలికి కూడా పాకుతుంది. మొత్తం పారెయ్యాలి.

బాగా చల్లారిన తర్వాతే బన్నులను డబ్బాలో పెట్టాలి. రెండు రోజుల్లో తినెయ్యాలి. రెండో రోజుకు కొంచెం గట్టి పడతాయి. అప్పుడు అడ్డంగా రెండుగా కోసి, పెనం మీద కోసిన వైపు కాల్చి, వెన్న రాసుకుని తినాలి. ఇంగ్లండులో ఎక్కువమంది అలాగే తింటారు. అక్కడ ఒక బన్నును ఇద్దరు చెరి సగం తింటే ఆ ఏడంతా వాళ్ళ మధ్య పొరపొచ్చాలు రావని ఒక మాట ఉంది. 12 బన్నులు చేస్తే 24 మందికి వస్తాయి.